ఫలకం మీద పట్టని మాట

రెండువేల సంవత్సరం, మిరపకోతల కాలం. మార్టూరు దాటాక హైవే పక్కన పాలిషింగ్ యూనిట్ల వరస ఉంటుంది. ఆ వరస చివర నాదొక రేకుల షెడ్డు. శిలాఫలకాలు చెక్కడం నా పని. బడి గదికి, వాటర్ ట్యాంకుకి, శ్మశానం ప్రహరీకి, దేనికైనా సరే, ప్రారంభోత్సవం అంటే ముందు నా దగ్గరికే రావాలి. చాలామంది రాళ్ళు చెక్కేవాడికి రాయితో బాధ అనుకుంటారు. రాయితో నాకు ఏనాడూ బాధ లేదు. బాధంతా పేర్లతోనే.

ఫలకం మీద చెక్కాల్సిన రాతని మా పనిలో మ్యాటర్ అంటాం. దాన్ని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వాలి. సంతకం లేని అక్షరం మీద ఉలి పెట్టం. ఒక పొల్లు ఎక్కువైనా, ఒక 'గారు' తక్కువైనా చివరికి రాయి మా నెత్తినే పడుతుంది కాబట్టి ఈ జాగ్రత్త. ఇక ప్రోటోకాల్ అని ఇంకొకటుంది. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరిది ఎంత లావు అక్షరం అన్న లెక్క అది. ఆ లెక్కలో తేడా వస్తే ఫలకాలు పగలగొట్టిన వాళ్ళని కూడా చూశాను.

ఆ రోజు వచ్చినాయన మా పక్క మండలాఫీసులో ఆర్.ఐ., అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. మంచివాడే. పొద్దుటినుంచీ ఎవరో ఒకరు తిడుతూనే ఉన్నట్టుండే మొహం.

"మేస్త్రీ, చీమకుర్తి నల్లరాయి, మంచిది కావాలి. ఇది మామూలు ఫలకం కాదు. రాష్ట్రపతి గారిది" అన్నాడు.

మా వైపు పల్లెల్లో సర్పంచినే ప్రెసిడెంటు అంటారు. అందుకే ఆయన నొక్కి రాష్ట్రపతి అన్నాడు. దేశానికి రాష్ట్రపతిగా చేసి దిగిపోయిన పెద్దాయన ఒకాయన చిన్నతనంలో కొన్నేళ్ళు ఆ మండలంలో ఒక పత్తి, మిరప పండే ఊళ్ళో పెరిగాడట. తండ్రి అక్కడ బడిపంతులు. ఆ సంగతి ఎవరో పెద్దవాళ్ళ చెవిన వేశారు, ఆ ఇంటి ముందు ఒక చారిత్రక ఫలకం పెట్టమని పైనుంచి వచ్చింది. ఆయన పేరు, ఊరి పేరు నేను రాయను. రాస్తే మళ్ళీ ఎవరికో ప్రోటోకాల్ తప్పుతుంది.

మ్యాటర్ చూశాను. పైన ఒక వాక్యం: భారత మాజీ రాష్ట్రపతి శ్రీ ఫలానా వారు బాల్యమున నివసించిన గృహము. దాని కింద ఆవిష్కర్త మంత్రివర్యులు, ముఖ్య అతిథి, సభాధ్యక్షులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు, అధికారులు. రాయంతా వాళ్ళే. ఎవరికోసం ఈ రాయో ఆయన ఆ పై వాక్యంలో, పెళ్ళిలో వెనకబెంచీ చుట్టంలాగా సర్దుకుని కూర్చున్నాడు.

దిమ్మె ఎక్కడ కట్టాలో, రాయి ఏ కొలతకి కొయ్యాలో చూసుకోవడానికి ఆ ఊరు వెళ్ళాను. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బస్సు దిగేసరికి తుమ్ములు, కళ్ళలో నీళ్ళు. ఊరి నడుమ సందులో పాత పెంకుటిల్లు. ముందు అరుగు, అరుగు పక్కన వీధిలోకి తలుపున్న గది, వెనక ఇంకో రెండు గదులు. అరుగు మీద ఒక పెద్దావిడ దిండు కుడుతూ ఉంది. చీర మీద, జుట్టు మీద దూది పింజలు.

ఆమె పేరు సైదమ్మ. దూదేకుల వాళ్ళు. పరుపులు, దిండ్లు కుట్టడం వాళ్ళ కులవృత్తి. భర్త పోయాడు. కొడుకు గుంటూరు మిర్చియార్డులో బస్తాలు మోస్తాడు, కోడలూ మనవడూ ఆమె దగ్గరే ఉంటారు.

టేపు పెట్టి కొలుస్తుంటే అడిగింది. "రాయి మీద ఏం రాస్తావు నాయనా?"

చదివి వినిపించాను. ఆమె సూది ఆపింది.

"నివసించిన గృహము అంటే, వాళ్ళిల్లనేగా?"

"వాళ్ళున్న ఇల్లని, అమ్మా."

"ఇది మా మామ ఇల్లయ్యా. పింజారి పకీరయ్య ఇల్లు. పంతులుగారు ఈ ముందు గదిలో అద్దెకున్నాడు. బదిలీ అయ్యేదాకా ఉండి వెళ్ళిపోయారు. నేను కాపురానికి రాకముందు మాట ఇది. మా మామ చెప్పేవాడు. అద్దెకున్నాడని రాయి."

"నేను రాసేది కాదమ్మా. వాళ్ళు ఇచ్చింది కొట్టడమే నా పని."

"అయితే వాళ్ళకే చెప్పు. ఆ ఒక్క ముక్కా లేకపోతే రేపు నన్ను లేచి పొమ్మంటారు."

చాదస్తం అనుకున్నాను ముందు. తర్వాత ఆమె విడమర్చి చెబితే అర్థమయింది. ఊరి నడుమ ఇళ్ళున్న జాగాని గ్రామకంఠం అంటారు. తాతల నాటినుంచీ కట్టుకుని ఉంటున్నవాళ్ళే గాని, అక్కడి ఇళ్ళకి విడివిడిగా సర్వే నంబర్లు ఉండవు, పట్టాలు ఉండవు. ఎవరిల్లంటే, ఊరు చెప్పే మాటే. ఇంటిపన్ను రసీదులు ఆమె దగ్గర ఉన్నాయి. పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు సొంతమైపోదని ఆఫీసువాళ్ళ మాట. ఈ ఫలకం కబురు రాగానే సర్పంచి ఆమె ఇంటికొచ్చి, "రాష్ట్రపతి గారి ఇంట్లో లైబ్రరీ పెడితే ఊరికి పేరొస్తుంది పిన్నీ, నీకు కాలనీలో స్థలం ఇప్పిస్తాలే" అని వెళ్ళాడు. ఊరు చెప్పే మాట పక్కన ఇప్పుడు ఒక రాయి చెప్పే మాట వచ్చి నిలబడబోతోంది. ఆమె భయం అది. అందులో చాదస్తం ఏమీ లేదు.

తిరుగు దారిలో మండలాఫీసుకి వెళ్ళి ఆర్.ఐ.కి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"రాష్ట్రపతి గారు అద్దెకున్నారని రాస్తామా మేస్త్రీ? ఏం బాగుంటుంది? పైవాళ్ళు చూస్తే ఏమంటారు?"

"ఉన్నమాటేగా సార్."

"ఉన్నమాటలన్నీ రాళ్ళ మీద రాస్తే ఇంక చెప్పేదేముంది. అయినా చోటేదీ? ఇప్పటికే ఇద్దరు జడ్పీటీసీలు పేర్లు చిన్నవయ్యాయని గోల."

అద్దె అనే మాట అంత తక్కువది ఎలా అయిందో నాకు ఇప్పటికీ తెలియదు. సగం దేశం అద్దె ఇళ్ళల్లోనే పుట్టి పెరుగుతోంది. కానీ మావాళ్ళకి గొప్పవాడు అద్దెకుండటం నామోషీ. అప్పటి ఆఫీసులో ఎవరినడిగినా అదే మాట. కోపం కూడా రాలేదు. ఇంటికెళ్ళి రాయి మీద సుద్దతో గీతలు గీసుకున్నాను.

ఆ ఫలకం చెక్కడం అయింది. అక్షరాలకి బంగారురంగు కూడా వేశాను. అంతలో మంత్రిగారి శాఖ మారింది. ఆవిష్కర్త మారాడు కాబట్టి మ్యాటర్ మారింది. చెక్కిన రాతిని చెరపాలంటే రబ్బరు కాదుగదా. రాయి ముఖమంతా అక్షరాల లోతుదాకా ఎమెరీతో, అంటే సానరాయితో, అరగదీయాలి. మళ్ళీ పాలిష్ పట్టాలి. మళ్ళీ గీయాలి. మళ్ళీ కొట్టాలి. రాయి పొడి ముక్కులోకి, గొంతులోకి వెళ్ళి అన్నం కూడా ఇసుకలా తగిలేది. రెండోసారి కొట్టాక ముఖ్య అతిథి ఆ పార్టీలోంచి ఈ పార్టీలోకి దూకాడు. అది మూడోసారి. విసుగు అనే మాట చాలదు. ఉలి చేత్తో పట్టుకుంటే అదే నన్ను పట్టుకున్నట్టుండేది.

చెరిపిన ప్రతిసారీ సైదమ్మ బస్సెక్కి షెడ్డుకి వచ్చేది. ఎలా తెలిసేదో, తెలిసేది. ఒకసారి నాకు దిండు కుట్టి తెచ్చింది.

"ఇదేమిటి పిన్నమ్మా?"

"నడుం కింద పెట్టుకో. రాతి మీద కూర్చుంటున్నావు. లంచం కాదులే, భయపడకు."

రాయి నున్నగా, ఒక్క అక్షరం లేకుండా ఉండేది అప్పుడు. దాన్ని అరచేత్తో నిమిరేది.

"ఇప్పుడు చోటుందిగా?"

"ఇప్పుడుంది పిన్నమ్మా. మ్యాటర్ వచ్చేదాకా ఉంటుంది."

నేను ఫోన్ చేసి అడిగేవాణ్ణి. ఆర్.ఐ. "మళ్ళీ మొదలెట్టావా మేస్త్రీ" అనేవాడు. ఆమె టీ తాగి, దూది దులుపుకుని, చీకటి పడకముందే బస్సెక్కి వెళ్ళిపోయేది. పాపం అనిపించేది. అంతకు మించి చేయగలిగింది లేక నా మీద నాకే చిరాకు వేసేది.

రెండువేల రెండులో చివరికి ఆవిష్కరణ జరిగింది. పెద్దాయన స్వయంగా వస్తున్నాడని తెలిసి ఊరికి కొత్త రోడ్డు పడింది. సందుకి సున్నం కొట్టారు. రాయిని దిమ్మెలో బిగించి, అక్షరాల్లో దుమ్ము లేకుండా గుడ్డతో తుడుస్తూ నేను అరుగు దగ్గరే నిలబడి ఉన్నాను. పని అయిపోయేదాకా మేస్త్రీ అక్కడే ఉండాలన్నది ఆర్.ఐ. హుకుం.

పెద్దాయన కారు దిగాడు. ఎనభై దాటి ఉంటాయి. చేతికర్ర, తెల్లపంచె. మంత్రిగారు తెర లాగాడు, చప్పట్లు కొట్టారు, దండలు పడ్డాయి. ఆయన ఫలకం వైపు తల తిప్పి ఊరికే ఒక నవ్వు నవ్వాడు. చదివాడని నేననుకోను, ఆ వయసులో ఆ అక్షరాలు ఆనవు. సర్పంచి చేతులు కట్టుకుని, "దయచేయండి సార్, ఇది మీ ఇల్లే" అని గుమ్మం వైపు దారి చూపించాడు.

పెద్దాయన గుమ్మం దాకా వచ్చి ఆగాడు. చెప్పులు విడిచాడు. లోపల తలుపు పక్కన సైదమ్మ కొంగు తలమీదికి లాక్కుని నిలబడి ఉంది. ఆమెని చూసి ఆయన అడిగాడు.

"లోపలికి రావచ్చా అమ్మా?"

సైదమ్మ గోడవారకి జరిగి, "రండయ్యా, రండి" అంది.

ఆయన ముందు గదిలోకి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. "ఆ మూల దూది కుప్ప పోసేవారు. నేను దానిమీద దొర్లితే పకీరయ్య గారు దూది ఏకే వింటిబద్ద పట్టుకుని వెంటపడేవాడు. దూది నలిగిపోతుందని" అన్నాడు. నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. సైదమ్మ మంచినీళ్ళిచ్చింది. తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చి, లేచాడు. అంతే. కార్లన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి.

జనం పోయాక నేను ఆమెని కాస్త గట్టిగానే అడిగాను. "అంతపెద్ద మనిషి నీ ఎదురుగా కూర్చుంటే, అద్దె సంగతి ఒక్కమాట చెప్పకపోయావా పిన్నమ్మా? ఆయన నోటితో ఒక్కమాట అంటే అక్కడికక్కడే రాయి మారేదిగా."

ఆమె గ్లాసు కడుగుతోంది. "ఇంటికొచ్చిన మనిషికి తగువు చెప్పుకుంటామా అబ్బాయ్?" అంది.

పనిముట్లు సంచీలో వేసుకుని వచ్చేశాను.

తర్వాత ఆ రాయి జోలికి ఎవరూ పోలేదు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు నాయకుల పేర్లు కనపడకుండా దానిమీద పాతపేపర్లు అంటించేవాళ్ళు, అయిపోయాక వానకి అవే ఊడిపోయేవి. పెద్దాయన కూడా కాలం చేశాడు. ఆయన పోయాక మళ్ళీ అందరికీ ఆయన గుర్తొచ్చాడు.

రెండువేల ఏడులో సైదమ్మ మనవడితో ఫోన్ చేయించింది. "విచారణకి వస్తున్నారంట, నువ్వు రావాలి" అని కబురు. లైబ్రరీ ఫైలు మళ్ళీ కదిలింది. ఆ ఇల్లు రాష్ట్రపతి గారి బాల్య నివాసమనీ, ఫలకమే అందుకు ఆధారమనీ, ప్రస్తుతం ఉంటున్నవాళ్ళు ఖాళీ చెయ్యాలనీ కాగితం తయారైంది. కాగితం రాసినవాడు ఆ ఊరు ఎన్నడూ చూసి ఉండడు. ఫలకం మీద ఉన్నది ఉన్నట్టు దించాడు, అంతే. నేను కొట్టిన అక్షరాలే ఆమె మీదికి వచ్చాయి. వెళ్ళకూడదనుకున్నాను, మోకాళ్ళ నొప్పులు. వెళ్ళాను.

కొత్తగా వచ్చిన తహశీల్దారు ఒక పడుచమ్మాయి. అరుగు ముందు కుర్చీ వేశారు. ఊరు ఊరంతా సందులో ఉంది. ఆవిడ ఫలకం పూర్తిగా చదివింది. అంత శ్రద్ధగా దాన్ని చదివిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

"రాసింది మీరేనా?"

"కొట్టింది నేను మేడమ్. రాసింది ఆఫీసు."

సైదమ్మ తన మాట చెప్పింది. మామ ఇల్లు, పంతులు గారి అద్దె. ఆవిడ ఓపిగ్గా విని, "ఇది మీరు మీ మామగారి దగ్గర విన్న మాటమ్మా. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఎవరుంటారు? అందరూ ఏనాడో మట్టిలో కలిసిపోయారు. సైదమ్మ కొడుకు తల వంచుకుని నేల చూస్తున్నాడు. కోడలు అప్పటికే చాపలు, బిందెలు ఒకచోట చేర్చి పెట్టి ఉండటం గుమ్మంలోంచి కనిపిస్తోంది.

నాకు అప్పుడు ఆ రోజు గుర్తొచ్చింది. "మేడమ్, నేను చూసిందొకటుంది. ఆవిష్కరణ రోజు పెద్దాయన ఈ గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అడిగాడు. నేను చెబితే ఆమె తరఫున చెప్పానంటారు. సర్పంచి గారు ఆయన పక్కనే ఉన్నారు, వారినే అడగండి" అన్నాను.

సర్పంచి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. లైబ్రరీ ఆయన కల. ఊళ్ళో తన పేరుతో మిగిలేది అదొక్కటేనని నాతో కూడా అన్నాడు ఒకసారి. మెడలో కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏమన్నారండీ ఆయన?" అని ఆవిడ అడిగింది.

ఆయన కండువా మళ్ళీ మెడలో వేసుకున్నాడు. వెనకనుంచి ఎవడో, "చెప్పవేరా, మేమంతా విన్నాంగా" అన్నాడు.

"లోపలికి రావచ్చా అమ్మా, అని అడిగారండి" అన్నాడు సర్పంచి. "చెప్పులు కూడా బయటే విడిచారు. నేను మీ ఇల్లే సార్ అన్నాను గాని, ఆయన ఆమెనే అడిగారు. ఊరందరూ విన్నదాన్ని నేనొక్కణ్ణీ వినలేదంటే బాగుండదు."

తహశీల్దారు కాసేపు గుమ్మం వైపు చూసింది. "సొంతింట్లోకి ఎవరూ అడిగి వెళ్ళరు" అంది. తర్వాత ఊరి పెద్దల సంతకాలతో పంచనామా రాయించింది. లైబ్రరీకి పంచాయతీ వెనక స్థలం చూద్దాం అంది. చివరికి ఫలకం దగ్గరికొచ్చింది.

"దీన్ని ఇలాగే వదిలేస్తే నా తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ ఇదే చదువుతారు. అద్దెకు అని చేర్చండి."

"చోటు లేదు మేడమ్."

"కొత్త రాయి?"

"కొత్త రాయంటే మళ్ళీ ప్రోటోకాల్. అప్పటి పేర్లు వెయ్యాలా, ఇప్పటి పేర్లు వెయ్యాలా..."

ఆవిడ నుదురు పట్టుకుంది. "పోనీ చెరిపి?"

"ఇప్పటికే పలచబడిపోయింది. దిమ్మెలోంచి పీకితే విరుగుతుంది."

"అయితే హంసపాదు పెట్టండి."

బడిపిల్లలు కాపీ రాస్తూ మాట మర్చిపోతే, రెండు మాటల మధ్య గుర్తు పెట్టి పైన రాస్తారు, అది హంసపాదు. "రాతి మీదా మేడమ్?" అన్నాను. జీవితమంతా తప్పు పోకుండా చూసుకున్న పని. చూసినవాడు ఏమనుకుంటాడు? ఆవిడ అప్పటికే ఒక తెల్లకాగితం మీద గుర్తు వేసి, పైన అద్దెకు అని రాసి, కింద సంతకం చేసి నా చేతిలో పెట్టింది. ఒకే ఒక్క మాట ఉన్న మ్యాటర్ నేను తీసుకోవడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.

అప్పటికి మా వైపు మిషన్లు వచ్చేశాయి. రబ్బరు స్టెన్సిల్ అంటించి ఇసుకగాలితో అక్షరం తవ్వేస్తారు. బిగించి ఉన్న రాతికి అది కుదరదు. పాత ఉలే సంచీలోంచి తీశాను. సైదమ్మ ఇచ్చిన దిండు మీద కూర్చుని, బాల్యమున, నివసించిన, ఈ రెంటి మధ్యన గుర్తు పెట్టి, పైన ఉన్న సన్నని సందులో ఆ మాట కొట్టాను. రాయి ఎక్కడ పగులుతుందోనని ఒక్కో దెబ్బా ఆచితూచి వేశాను.

అయ్యాక సైదమ్మ దగ్గరికొచ్చింది. ఆమెకి చదువు రాదు. నేను వేలు పట్టుకుని చూపించాను.

"ఇదేనా? చిన్నగా ఉందే."

"అంతకంటే పట్టలేదు పిన్నమ్మా."

"మా మామ పేరు?"

"పట్టదు."

వేలితో ఆ గాడిని తడిమింది. "పోనీలే. అద్దె అన్నాక ఎవరిదో ఒకరి ఇల్లేగా" అని, వెళ్ళి అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించమని మనవడికిచ్చింది.

ఇప్పుడు నేను పని మానేశాను. మ్యాటర్ తెచ్చినవాళ్ళని, ఆ చోట ప్రస్తుతం ఎవరుంటున్నారండీ అని అడగటం ఆ హంసపాదు పెట్టాకే అలవాటు చేసుకున్నాను. సగంమంది విసుక్కునేవాళ్ళు. అడగటం మాత్రం మానలేదు. సైదమ్మ పోయి చాన్నాళ్ళయింది. కోడలు అదే అరుగు మీద దిండ్లు కుడుతోంది. ఫలకం చూసినవాళ్ళు, "ఎవడో చేతకానివాడు, మాట మింగేసి తర్వాత ఇరికించాడు" అని నవ్వుకుంటారట. నవ్వుకోనీ. ఆ రాతి మీద నేను కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టిన అక్షరాలన్నిట్లో ఒకరికి పనికొచ్చినవి ఆ మూడే.